ఖాళీ లేని చెయ్యి

పాత యంత్రాల చిట్టా. ఎగువపాలెం మెట్ట, ఇల్లు 64.
యంత్రం: ఫోటోలు అచ్చువేసే ఇంటి ప్రింటరు, ఒకటి.
నడిపే మనిషి: తన్మయి, అరవై ఆరేళ్ళు.

చిట్టా 207. సోమవారం

నడిపిన సమయం పన్నెండు నిమిషాలు. పని: ముక్కు తుడవడం. అంటే సిరా కారే సన్నని రంధ్రాలను వేడినీళ్ళ గుడ్డతో అద్దడం. వారానికోసారి ఈ సేవ చేయకపోతే ఎండి బిగుసుకుపోతాయి. నలుపు సగం ఉంది. పసుపు, ఎరుపు పావు వంతు ఉన్నాయి. నీలం అడుగంటింది.

కొత్త ఆఫీసరు గారికి ఒక మాట. ఎండ కరెంటుతో పాత యంత్రం నడిపేవాళ్ళు ఎన్ని నిమిషాలు నడిపారో, ఎందుకు నడిపారో ఈ పుస్తకంలో రాయాలని రూలు. నిమిషాలు రాస్తే చాలు, కబుర్లు అక్కర్లేదని మీ ముందున్నాయన ఆరు నెలలకోసారి వచ్చి చెప్పేవాడు. చెప్పి చెప్పి చివరికి బదిలీ చేయించుకుని పోయాడు. కరెంటు కొలిచి వాడమంటే వాడుతున్నాను. మాటలు కూడా కొలవమంటే మాత్రం నా వల్ల కాదు.

ఈ ప్రింటరు మా నాన్నది. ఆయన బొండుపాలెంలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసేవాడు. బొండుపాలెం ఎక్కడుందని వెతక్కండి, ఇరవై ఎనిమిదేళ్ళుగా అది సముద్రం కింద ఉంది. ఊరు వదిలి మెట్ట ఎక్కిన రోజున అందరూ బియ్యమూ బట్టలూ మోసుకొస్తే నేను ఈ ప్రింటరు నెత్తిన పెట్టుకుని వచ్చాను. మా ఆయన ప్రణీత్ ఇప్పటికీ నలుగురిలో ఆ సంగతి చెప్పి నన్ను ఆట పట్టిస్తాడు. దీనితో పాటు ఆవకాయ జాడీ ఒకటి తెచ్చాను. అందులో ఆవకాయ లేదు. బియ్యం పోసి, మధ్యలో నాన్న ఫోటో కార్డులు పంతొమ్మిది దాచాను. బియ్యం చెమ్మ పీల్చుకుంటాయని ఆయనే చెప్పాడు.

దీనికి కంప్యూటరు అక్కర్లేదు. కార్డు పక్క సందులో దూర్చితే అగ్గిపెట్టెంత తెర మీద బొమ్మ వస్తుంది. నాలుగు బాణం మీటలు, ఒక 'సరే' మీట. వాటితోనే బొమ్మను కోయాలి, వెలుగు పెంచాలి, ఫ్లాషుకు ఎర్రబడ్డ కళ్ళను నల్లగా చేయాలి. చేసింది వద్దనుకుని వెనక్కి వెళ్ళే మీట కూడా ఒకటి ఉండేది. అది ఊడిపోయి పదేళ్ళయింది.

పొద్దున్న, ఫోటోలు చూపించే గోడ అద్దంలో మా పెళ్ళి ఫోటో మళ్ళీ మారింది. ప్రతి అమావాస్యకూ అద్దం తనలో ఉన్న ఫోటోలన్నిటినీ తనే దిద్దుకుంటుంది, మనల్ని అడిగేది లేదు. ఈసారి ప్రణీత్‌కు జుట్టు ఒత్తుగా మొలిచింది. నాకు ముక్కు సన్నబడింది. ఆయన పావుగంట దాని ముందే నిలబడ్డాడు.

"అప్పుడు అలగే ఉండేవోణ్ణి కాదేటే?" అన్నాడు.

"ఒక్కనాడూ లేవు. నాకు బాగా గుర్తు," అన్నాను.

మొహం మాడ్చుకుని పెరట్లోకి పోయి తన తెల్ల పంచెలకు నీలం పెట్టుకున్నాడు. ఈ మెట్ట మీద ఇంకా బట్టలకు నీలం పెట్టే మనిషి ఈయన ఒక్కడే. ఆ సీసాను పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాడు.

హారికకు జ్వరంగా ఉందట. రేపు వెళ్ళి చూసి రావాలి.

చిట్టా 208. గురువారం

నడపలేదు.

హారిక పోయింది. మంగళవారం పొద్దున్నే, నేను చూడటానికి వెళ్దామనుకున్న రోజే. నేను వెళ్ళేసరికి దాని వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి.

నాకంటే రెండేళ్ళు పెద్దది. బొండుపాలెంలో మా రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ ఉండేది. ఆ గోడకు అటూ ఇటూ నిలబడి మేము మాట్లాడుకున్న మాటలు రాయాలంటే ఇలాంటి పుస్తకాలు పది కావాలి. రాయను లెండి, భయపడకండి.

ఇవాళ మూడో రోజు. దాని కూతురు నూకరత్నం వచ్చింది. మా కాలపు ముసలమ్మలందరం తన్మయిలం, హారికలం, లాస్యలం. నానమ్మల నాటి పేర్లన్నీ తీసుకెళ్ళి పిల్లలకు పెట్టుకున్నాం. నూకరత్నానికి ముప్పై ఐదేళ్ళు. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే మరలో పని చేస్తుంది. ఎవరి ముందూ ఏడవదు. మైల కదా, లోపలికి రాకుండా అరుగు కిందే నిలబడింది.

"సిన్నమ్మా, పదకొండో రోజుకి మాయమ్మ ఫోటో కావాల," అంది.

"అద్దంలో బోలెడున్నాయి కదమ్మా," అన్నాను, ఏమంటుందో తెలిసే.

"అద్దంలో ఉన్నది ఎవులో నాకు తెల్దు. సబ్బులమ్మడానికొచ్చిన మనిసి లాగున్నాది. మూతి ముడుసుకోని నవ్వతాది. మాయమ్మ అలగెప్పుడు నవ్వింది? నువ్వు కాయితం మీద తీసియ్యి."

మెట్ట మీద ఎవరు పోయినా దండ వేసేది కాగితం ఫోటోకే. అద్దంలో బొమ్మకు వేస్తే వచ్చే అమావాస్యకు ఆ మనిషి మారిపోతాడు, మనం దండ ఎవరికి వేసినట్టో తెలియదు. నాన్న కార్డులు మాత్రం అద్దం ముట్టుకోని కార్డులు. అందుకే అందరూ నా దగ్గరికే వస్తారు. ఆ కార్డుల్లో ఉన్నవన్నీ పెళ్ళి గుంపులు. గుంపులోంచి పోయిన మనిషిని ఒక్కరినే కోసి తీయడం నా పని. దానికో నియమం పెట్టుకున్నారు: పక్కన బతికున్నవాళ్ళ భుజం గాని, చీర చెంగు గాని దండ వేసిన ఫోటోలో కనిపించకూడదు. వస్తే వాళ్ళకు కీడట. ఎన్ని భుజాలు కోశానో ఈ చేతులతో!

"మాయమ్మ పెళ్ళి ఫోటో ఉన్నాది కదా నీ కాడ? జీలకర్ర బెల్లం ఫోటో. మాయయ్యకి అందులోంచే కదా కోసినావు."

"ఉంది," అన్నాను.

అది అబద్ధం. ఇక్కడ రాస్తున్నాను గాని దానితో చెప్పడానికి నోరు రాలేదు.

చిట్టా 209. శుక్రవారం

నడపలేదు. మబ్బు.

నాలుగేళ్ళ కిందట హారిక మొగుడు యశ్వంత్ పోయాడు. అప్పుడు కూడా పదకొండో రోజు ఫోటో నా మీదే పడింది. యశ్వంత్ కెమెరా చూస్తే కళ్ళు మూసుకునే రకం. తెరిచిన కళ్ళతో దొరికింది ఏడో కార్డులో ఒక్కటే, వాళ్ళ పెళ్ళి ఫోటోల్లో చెడిపోకుండా మిగిలిన ఒకే ఒక్కటి. తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద పట్టుకుని ఒకరి నెత్తి మీద ఒకరు చెయ్యి పెట్టిన క్షణాన నాన్న నొక్కాడు.

ప్రింటరును అరుగు మీదికి తెచ్చి పెట్టాను. హారిక మెట్టు మీద కూర్చుని తెర వైపు మెడ సాచింది.

"ఒలే తన్మయీ, నన్ను తీసీ. నా బుజం కూడా ఉండకూడదు. నానింకా కొన్నాళ్ళు బతకాల, నూకరత్నానికి పెళ్ళి సెయ్యాల," అంది.

బాణం మీట నొక్కుతూ గీత జరిపాను. ముందు దాని చీర అంచు పోయింది, తర్వాత భుజం, ఆ తర్వాత మొహం. "ఇంకా జరుపు, ఇంకా" అంటూ తన మొహం పోతుంటే తనే చూసింది. చెయ్యి మాత్రం పోలేదు. యశ్వంత్ నెత్తి మీదున్న ఆ చెయ్యి పోవాలంటే అతని నుదురు దాకా కోయాలి.

"నుదురు లేని మొగుడికి దండేస్తావేటే?" అన్నాను.

అంత దుఃఖంలోనూ నవ్వింది, ఎప్పటిలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. దండను కాస్త పైకి వేసి ఆ చేతిని కప్పేద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం.

అప్పుడు ప్రింటరు అడిగింది, దిద్దిన బొమ్మను కొత్తగా దాచాలా, పాతదాని మీదే దాచాలా అని. ఎప్పుడూ కొత్తగానే దాస్తాను. ఆ రోజు కార్డులో చోటు లేదంది. ఆకాశం మూసుకొస్తోంది, కరెంటు ఏ నిమిషాన పోతుందో తెలియదు, హారిక ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. పాతదాని మీదే దాచమని 'సరే' నొక్కాను. అప్పుడు నాకు అది తప్పని కూడా తోచలేదు.

వారం తర్వాత గారెలు వేయిస్తుంటే తోచింది. చట్టి దింపేసి అలాగే కూర్చుండిపోయాను. ఆ ఫోటోలో ఇక హారిక లేదు. ఎప్పటికీ లేదు. దానికి చెప్పాలనుకున్నాను. రోజూ కనిపించేది, ఏ రోజైనా చెప్పవచ్చు. నాలుగేళ్ళు చెప్పలేదు.

అద్దం మనుషుల మొహాలు చెరిపేస్తోందని అందరికంటే ఎక్కువగా తిట్టేది నేను. నాకు సిగ్గుగా ఉంది, ఆఫీసరు గారూ.

చిట్టా 210. శనివారం

నడిపిన సమయం గంటా పది నిమిషాలు. నాకు రోజుకు ఇచ్చింది నలభై నిమిషాలేనని తెలుసు. ఏం చేస్తారో చేసుకోండి.

మబ్బు విడిచినప్పుడల్లా ఒక్కో కార్డు పెట్టి హారిక కోసం వెతికాను. పద్దెనిమిది కార్డులు చూశాను. ఏడో దాని జోలికి పోలేదు, చూడబుద్ధి కాలేదు.

వెతకాల్సింది వదిలేసి ఊరు చూస్తూ కూర్చున్నానని ఒప్పుకుంటున్నాను. తాటాకు పందిళ్ళు, అద్దె కుర్చీలు, కుర్చీల కింద దూరిన పిల్లలు, గాడిపొయ్యి దగ్గర గరిటె ఎత్తి ఎవరినో తిడుతున్న వంటాయన. ప్రతి ఫోటోలోనూ వెనకెక్కడో సన్నని నీలి గీత. అప్పట్లో సముద్రం అంత దూరంగా, బుద్ధిగా ఉండేది. ఒక ఫోటోలో మా వీధి పంపు దొరికింది. అగ్గిపెట్టెంత తెర మీద ఆ పంపును చూసి ఏడ్చాను. నీళ్ళు పడక రోజూ దాన్ని తిట్టేవాళ్ళం.

నాన్న పని చేసే తీరు కూడా గుర్తొచ్చింది. పెళ్ళయిన వారానికి ఆయన కార్డులోని బొమ్మలన్నిటినీ ఒక్కోటి బొటనవేలంత చేసి, ఒకే కాగితం మీద వరసగా అచ్చువేసి పెళ్ళివారికి పంపేవాడు. దాన్ని లిస్టు కాగితం అనేవాళ్ళం. ఆల్బంలోకి ఏవి కావాలో పెన్నుతో టిక్కు పెట్టి తిప్పి పంపాలి. ఆ టిక్కుల దగ్గర ఎంత రభస జరిగేదో! వియ్యపురాలివి ఆరు, తనవి రెండేనని ఒకావిడ లిస్టు కాగితం చింపేసి, సాయంత్రానికి మళ్ళీ అచ్చు వేయమని వచ్చింది. నాన్న నవ్వకుండా వేసి ఇచ్చాడు.

హారిక పదకొండు ఫోటోల్లో ఉంది. ఒకదాంట్లో వీపు. మిగిలిన పదింట్లోనూ నోటికి చెయ్యి అడ్డం. దాని ముందు పళ్ళ మధ్య సందు ఉండేది. చిన్నప్పుడు ఎవరో మేనత్త "పళ్ళు కనబడేటట్టు నవ్వకే" అందట. ఆ మేనత్త మొహం కూడా నాకు గుర్తు లేదు గాని, ఆమె మాటకు కట్టుబడి హారిక అరవై ఏళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిట్టా 211. ఆదివారం

నడపలేదు. వెళ్ళి చెప్పేశాను.

నూకరత్నం వాకిట్లో కూర్చుని హారిక ట్రంకుపెట్టె తుడుస్తోంది. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే మళ్ళీ ధైర్యం చాలదని. మొత్తం చెప్పాను. కార్డులో చోటు లేకపోవడం, మబ్బు, 'సరే' మీట, అన్నీ. దాని చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"సెరిపీసినావా?" అంది.

"చెరిపేశానమ్మా."

"మాయమ్మకి తెలుసా?"

"చెప్పలేదు."

గుడ్డ మడిచి పెట్టె మూత మీద పెట్టింది.

"నాలుగేళ్ళూ మా ఇంటికొచ్చి టీ తాగినావు సిన్నమ్మా," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. నేను తడబడుతూ, వేరే పెళ్ళిళ్ళలోవి ఉన్నాయి, నోటికి చెయ్యి అడ్డం ఉన్నా కళ్ళు బాగా వచ్చాయి, వాటిలో ఒకటి తీసిస్తానని అన్నాను.

"సచ్చిపోనాక కూడా మాయమ్మ నోరు మూసుకోనే ఉండాలేటి?" అంది. ఇక తల ఎత్తలేదు. "సర్లే, ఎల్లు. అద్దంలోదే పెడతాం. ఆ సబ్బుల మనిసికే దండేస్తాం."

తిరిగి వస్తుంటే దారిలో అందరి ఇళ్ళ అద్దాలూ కనిపించాయి. అన్నింటిలోనూ మూతి ముడుచుకుని నవ్వే మనుషులే. శుక్రవారం నుంచి హారిక కూడా వాళ్ళలో ఒకతె అవుతుంది. దానికి కారణం నేను. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ప్రణీత్ రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు.

చిట్టా 212. మంగళవారం

నడిపిన సమయం ఇరవై ఐదు నిమిషాలు. మంచి ఎండ.

ఇవాళ ఏడో కార్డు తీశాను. ఎందుకంటే చెప్పలేను. చేసిన తప్పును ఒకసారి కళ్ళారా చూడాలనిపించింది.

కార్డు పెట్టగానే ఏ బొమ్మా పెద్దగా రాదు. ముందు తొమ్మిది బొమ్మలు చిట్టిచిట్టిగా వరసగా వస్తాయి. బాణంతో ఒకదాని మీదికి వెళ్ళి 'సరే' అంటే అది పెద్దదవుతుంది. ఆ తొమ్మిదింటిలో మూడోది చూసి మొదట నా కళ్ళను నమ్మలేదు. చీర కొంగుతో తెర తుడిచి మళ్ళీ చూశాను. అందులో ఇద్దరున్నారు.

'సరే' నొక్కాను. పెద్దగా వచ్చింది యశ్వంత్ ఒక్కడే, నెత్తి మీద చెయ్యితో. ఆపి, మళ్ళీ కార్డు పెట్టాను. చిట్టిబొమ్మలో మళ్ళీ ఇద్దరు. నాలుగుసార్లు చేశాను. అప్పటికి అర్థమైంది. నాన్న కెమెరా ప్రతి ఫోటోతో పాటు దాని చిట్టిబొమ్మను కూడా పక్కన దాచింది. ఈ ప్రింటరుకు పెద్ద బొమ్మను దిద్దడం వచ్చు గాని, చిట్టిబొమ్మను కూడా మార్చాలన్న తెలివి లేదు. దాని తెలివితక్కువతనానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

పెద్దది చేయడం కుదరదు. కోయడమూ, వెలుగు పెంచడమూ కుదరదు. ఏం చేయబోయినా పెద్ద బొమ్మే తెరుచుకుంటుంది. చిట్టిబొమ్మను చిట్టిబొమ్మగానే అచ్చువేసే దారి ఒక్కటే ఉంది. నాన్న లిస్టు కాగితం.

కాగితం పెట్టి లిస్టు నొక్కాను. ప్రింటరు ఒకసారి మూలిగి, నీలం లేదు, అచ్చు వేయను అంది. నలుపు ఉంది కదే, నలుపుతో వెయ్యి అని నేను, నీలం లేదని అది. దాని పుట్టుకే అంత. నాలుగింటిలో ఒకటి లేకపోతే మూడింటినీ ముట్టుకోనివ్వదు. మెట్ట మీద సిరా దొరకదు. కింది పట్నం నుంచి పడవ రావాలంటే పన్నెండు రోజులు. పదకొండో రోజు ఎల్లుండి కాక ఆవలెల్లుండి.

చిట్టా 213. బుధవారం

నడిపిన సమయం ముప్పై నిమిషాలు.

పొద్దున్న ప్రణీత్ ముందు కాఫీ పెట్టి, నీ సీసా కావాలి అన్నాను.

"ఏ సీసా?"

"బట్టల నీలం."

గ్లాసు కింద పెట్టేశాడు. "అదే ఆకరిది. మరి రాదు. నా పంచెలు పచ్చబడిపోతాయే."

"పోనీ. అద్దంలో తెల్లగానే కనిపిస్తాయి కదా, అక్కడ చూసుకో."

లేచి వెళ్ళాడు. కోపం వచ్చిందనుకున్నాను. తాళం చప్పుడు వినిపించింది. సీసా తెచ్చి నా ముందు పెట్టాడు, అడుగున నాలుగు వేళ్ళ నీలం ఉంది.

"మీ నాన్న మన పెళ్ళిలో నాకు బట్టతలొస్తున్నాది కనిపించకండా పక్కనుంచి తీసినాడు," అన్నాడు. "పెద్దమనిసి. తీసుకో."

నలభై ఏళ్ళలో ఈయన ఈ మాట నాకు చెప్పలేదు. జుట్టు గురించి ఇన్నాళ్ళూ ఆట పట్టించానే అని మనసు చివుక్కుమంది.

ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చిన సూదితో నీలాన్ని ప్రింటరు సిరా డబ్బీలోకి ఎక్కించాను. వేళ్ళు, మేజా, ప్రణీత్ చొక్కా అన్నీ నీలమయ్యాయి. ప్రింటరు వాసన చూసినట్టు కాసేపు ఆగి, చివరికి నీలం ఉందని ఒప్పుకుంది. చారల పరీక్ష కాగితం వేశాను. నీలం ఉండాల్సిన చోట వంకాయ రంగు వచ్చింది. వస్తే రానీ.

చిట్టా 214. గురువారం

నడిపిన సమయం ఆరు నిమిషాలు. పని: లిస్టు కాగితం, ఒకటి.

నూకరత్నానికి కబురు పంపితే రానంది. ప్రణీత్ వెళ్ళి, ఏం చెప్పాడో గాని, వెంటబెట్టుకొచ్చాడు. అరుగు మెట్టు మీద, వాళ్ళమ్మ కూర్చున్న చోటే కూర్చుంది. నా వైపు చూడలేదు.

ప్రింటరు కాగితాన్ని కొంచెం కొంచెంగా బయటికి తోసింది. చాలా ఏళ్ళ తర్వాత విన్నాను ఆ చప్పుడు, లిస్టు కాగితం చప్పుడు. నాన్న పక్కన నిలబడి కాగితం కింద పడకుండా పట్టుకునే పని చిన్నప్పుడు నాదే. ఇవాళ కూడా పట్టుకున్నాను. ఆయన ఉంటే నన్ను ఏమనేవాడో అనుకున్నాను.

మూడో బొమ్మను కత్తెరతో కత్తిరించి, ప్రణీత్ భూతద్దంతో కలిపి నూకరత్నం చేతిలో పెట్టాను. బొటనవేలంత కాగితం. అందులో మొహం పెసరగింజంత.

"ఇంతేనమ్మా మిగిలింది," అన్నాను.

నూకరత్నం భూతద్దం దగ్గర పెట్టి, దూరం పెట్టి, మళ్ళీ దగ్గర పెట్టి చూసింది. ఎంతసేపు చూసిందో. అంత చిన్న బొమ్మలో కళ్ళూ ముక్కూ తెలియవు. తల వెనక్కి వాల్చి ఉందని తెలుస్తుంది. మొహంలో సగం తెల్లగా ఉందని తెలుస్తుంది.

"ఈ తెలుపేటి సిన్నమ్మా?" అంది.

"పళ్ళమ్మా. నోరంతా తెరిచి నవ్వుతోంది. నేను అక్కడే ఉన్నాను. యశ్వంత్ నెత్తి మీంచి బెల్లం ముద్ద జారి చెవిలో పడింది. పంతులు కేకలేస్తున్నాడు, ఇది నవ్వు ఆపుకోలేకపోతోంది. మా నాన్న నోరు ముయ్యమ్మా అనకుండా నొక్కేశాడు."

"సెయ్యి అడ్డం ఎట్టుకోలేదేటి మరి? ఎప్పుడూ ఎట్టుకునేది." అంటూనే భూతద్దం కాస్త జరిపింది. "ఓ సేతిలో కొబ్బరిబోండం ఉన్నాది. రెండోది..." ఆగింది. "రెండోది అయ్య నెత్తి మీదున్నాది. సెయ్యి ఖాళీ లేదు సిన్నమ్మా. మాయమ్మకి సెయ్యి ఖాళీ లేదు."

అప్పుడు ఏడ్చింది. ఎవరి ముందూ ఏడవని పిల్ల, మా అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ముట్టుకోవచ్చో లేదో తెలియక పక్కన నిలబడ్డాను. అదే నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ళకు కూడా నీలం అంటింది.

చిట్టా 215. శుక్రవారం

నడపలేదు. ఏడో కార్డు బియ్యంలో పెట్టేశాను.

కార్యానికి వెళ్ళాను. గోడ మీద యశ్వంత్ ఫోటోకు నాలుగేళ్ళుగా వేలాడుతున్న దండను నూకరత్నం తీసేసింది. దండ కింద నుంచి హారిక చెయ్యి బయటికొచ్చింది, గాజులతో సహా, మొగుడి నెత్తి మీద. ఇప్పుడు ఇద్దరూ పోయినవాళ్ళే కాబట్టి నియమం అడ్డు రాదని పెద్దవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఆ ఫోటో పక్కనే, చెయ్యి వచ్చిన వైపు, చిట్టిబొమ్మను అంటించింది. దానికి దండ వేయబోతే బొమ్మ మొత్తం దండలో మునిగిపోయింది. అందుకని దండ పక్కన పెట్టి, ఒకే ఒక్క కనకాంబరం గుచ్చింది.

వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరుగా భూతద్దం పట్టుకుని గోడ దగ్గరికి వంగారు. గోడ అద్దంలో నిలువెత్తున ఉన్నవాళ్ళను ఎవరూ అరనిమిషం చూడరు. హారిక కోసం వాకిలి దాకా వరస కట్టారు. మెట్ట మీది ముసలమ్మలు చూసి "ఓలమ్మో, అచ్చం ఇలగే నవ్వేది" అన్నారు. వంకాయ రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్రణీత్ మాత్రం, ఆ నీలం నా పంచెలదే అని ముగ్గురికి చెప్పుకున్నాడు. పచ్చబడ్డ పంచెలోనే వచ్చాడు.

జనం తగ్గాక నూకరత్నం నా పక్కన కూర్చుంది. నాకు టీ ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకుని, తాగాలా వద్దా అని చూస్తున్నాను.

"తాగు సిన్నమ్మా. సల్లారిపోతాది," అంది. తర్వాత, "ఆ బెల్లం ముద్ద సంగతి మళ్ళీ సెప్పు."

చెప్పాను. పంతులు ఎలా కేకలేశాడో, యశ్వంత్ చెవి ఎలా దులుపుకున్నాడో పంతులు గొంతుతో సహా చెప్పాను. నూకరత్నానికి నవ్వొచ్చింది. తల్లి పోలికే, దానికీ ముందు పళ్ళ మధ్య సందు ఉంది. నవ్వుతూ నవ్వుతూ చెయ్యి నోటి దాకా ఎత్తింది. గోడ వైపు చూసింది. చెయ్యి దించేసి నవ్వింది.